పాత రాళ్లలో ఫాస్ఫేట్ ఊట: ఉప్పునీటి ట్యాంకుకు మళ్లీ వాడే రాయిని శుభ్రం చేసే పద్ధతి, లెక్క

ఉప్పునీటి ట్యాంకు, అంటే సముద్రపు చేపలు, పగడాలు పెంచే అక్వేరియం, ఎత్తేసేవాళ్ల దగ్గర పాత రాయి చవగ్గా దొరుకుతుంది. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన రాయి కాబట్టి గుల్లగా, తేలిగ్గా, పేర్చడానికి అనువుగా ఉంటుంది. బ్రష్షుతో రుద్ది, కుళాయి కింద కడిగి, వారం పాటు డాబా మీద ఎండబెడితే తెల్లగా మెరుస్తుంది కూడా. దాన్ని కొత్త ట్యాంకులో పెట్టి ఉప్పునీళ్లు పోసిన రెండు మూడు వారాలకు ఫాస్ఫేట్ పరీక్ష చేస్తే 0.5 పీపీఎం (లీటరుకు అర మిల్లీగ్రాము) కనిపిస్తుంది. సగం నీళ్లు మారిస్తే 0.25కు దిగుతుంది. రెండ్రోజులాగి చూస్తే మళ్లీ 0.45. ఇంకో సగం మార్చినా అదే తంతు. ఈలోపు ఆ ఫాస్ఫేట్ తిని రాళ్ల మీద జుట్టులాంటి పచ్చటి నాచు మొలుస్తుంది. చేపలకు మేత ఎక్కువైందేమోనని తగ్గిస్తారు, ఉప్పు మంచిది కాదేమోనని బ్రాండు మారుస్తారు. అసలు కారణం మాత్రం రాయిలోనే కూర్చుని ఉంటుంది.

ఎండిన ఏటి ఇసుకలో చెలమ తీసిన వాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. చెలమ నిండి ఉన్నంతసేపు ఊట ఆగినట్టే కనిపిస్తుంది. నాలుగు చెంబులు తోడగానే చుట్టూ ఇసుకలోంచి మళ్లీ నీరు ఊరి, పాత మట్టానికే వస్తుంది. ట్యాంకు నీటిలో కనిపించే ఫాస్ఫేట్ ఆ చెలమలో మట్టం లాంటిది. ఇసుకలో ఎంత నీరుందో మట్టం చెప్పదు. ఎన్నిసార్లు తోడితే మట్టం పడిపోయిందో, ఆ తోడిన లెక్కే చెబుతుంది. పాత రాయిని శుభ్రం చేయడమంటే అచ్చంగా ఈ తోడకమే. పరీక్ష కిట్టులో కనిపించే ఒక్క అంకెను నమ్ముకుని పని ముగిసిందనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు.

రాయి ఫాస్ఫేట్‌ను ఎందుకు పట్టుకుంటుంది?

ఈ ట్యాంకుల్లో వాడే రాయి దాదాపు అంతా కాల్షియం కార్బొనేట్. పగడాలు, సున్నపు నాచులు సముద్రంలో కట్టిన గూడు అది. మన తాండూరు, బేతంచెర్ల బండలు కూడా ప్రధానంగా ఇదే పదార్థం. కాకపోతే ఆ బండలు గట్టిగా, నున్నగా ఉంటాయి. పగడపు రాయి తేనెపట్టులా సందులమయం. పిడికెడు రాయిలో లోపలి గోడలన్నీ పరిస్తే ఎంతో వైశాల్యం వస్తుంది. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకు ఆ గోడలే ఇల్లు కాబట్టి రాయికి అంత గిరాకీ. ఫాస్ఫేట్ అతుక్కునేదీ ఆ గోడలకే.

ఫాస్ఫేట్ రాయిలో మూడు రూపాల్లో దాగుతుంది. మొదటిది, రంధ్రాల్లో చచ్చి ఇరుక్కుపోయిన స్పంజులు, పురుగులు, బ్యాక్టీరియా జిగురు, చేపల రెట్ట. ఇది కుళ్లేకొద్దీ ఫాస్ఫేట్ విడుదలవుతుంది. రెండోది, కాల్షియం కార్బొనేట్ ఉపరితలం మీద కార్బొనేట్ ఉండాల్సిన చోట్లలో వచ్చి కూర్చున్న ఫాస్ఫేట్ అయాన్లు. నీటిలో ఫాస్ఫేట్ ఎక్కువుంటే ఇవి రాయిలోకి చేరతాయి, తక్కువుంటే నీటిలోకి దిగొస్తాయి. చెలమ ఊట ఇదే. మూడోది, ఏళ్లు గడిచేకొద్దీ కాల్షియంతో కలిసి గట్టి ఖనిజంగా మారిన ఫాస్ఫేట్, అంటే మన ఎముకల్లో, పళ్లలో ఉండే పదార్థానికి దగ్గరి చుట్టం. ఇది కదలడం చాలా నెమ్మది.

మూడు రూపాలకూ ఒకే మందు లేదు. కుళ్లుకు బ్లీచు, ఉపరితలం మీది ఊటకు ఉప్పునీటి నానబెట్టుడు, నీటిలోని ఫాస్ఫేట్‌ను పొడిగా మార్చే లాంథనం క్లోరైడ్, గట్టిపడ్డ పైపొరకు యాసిడ్. ఏ రాయికి ఏది అవసరమో తేల్చుకోకుండా చేతికందింది వాడితే, రెండు నెలలు కష్టపడ్డాక కూడా నాచు మళ్లీ మొలుస్తుంది.

ఇంత ఫాస్ఫేట్ ఎక్కణ్నుంచి వచ్చిందంటే, మేతలోంచే. ఎండు మేతలో బరువులో 1 శాతం ఫాస్ఫరస్ ఉందనుకుంటే, రోజుకు 1 గ్రాము మేత అంటే 10 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్. ఫాస్ఫేట్‌గా లెక్కిస్తే సుమారు 31 మిల్లీగ్రాములు. 200 లీటర్ల ట్యాంకులో ఏమీ బయటికి పోకపోతే అది రోజుకు 0.15 పీపీఎం. ఏడాదికి 11 గ్రాములు దాటుతుంది. కొంత చేపల ఒంట్లోకి, కొంత స్కిమ్మర్ (నీటిలోని మురికిని నురగగా లాగే యంత్రం) కప్పులోకి, కొంత మార్చిన నీళ్లతో బయటికి వెళ్తుంది. మిగిలింది రాయిలోకి. ఆరేడేళ్లు నడిచిన ట్యాంకులోని రాయి కొంటున్నామంటే ఆ ఇంటి ఆరేడేళ్ల మేత బాకీని కూడా కొంటున్నట్టే.

ముందు పరీక్ష సరిగా రావాలి

రంగు చూసి పోల్చే కిట్లు 0.03కూ 0.08కీ తేడా పట్టుకోలేవు. టబ్బులో 1 పీపీఎం దాటిన నీటిని చూడటానికి అవి చాలు. చివరి దశకు డిజిటల్ కలరీమీటర్, అంటే రంగు గాఢతను అంకెల్లో చూపే మీటరు, కావాలి. హానా కంపెనీ చిన్న మీటర్లలో కొన్ని ఫాస్ఫరస్‌ను పీపీబీలో (పీపీఎంలో వెయ్యో వంతు) చూపిస్తాయి, కొన్ని ఫాస్ఫేట్‌ను పీపీఎంలో చూపిస్తాయి. ఈ రెంటినీ కలిపేసి గాభరా పడేవాళ్లు ఎక్కువ. పీపీబీలో వచ్చిన ఫాస్ఫరస్ అంకెను 3.066తో గుణించి 1000తో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎం వస్తుంది. అంటే 10 పీపీబీ అంటే 0.03 పీపీఎం.

ఈ పరీక్షలో పొరపాటంతా గాజు సీసా దగ్గరే జరుగుతుంది. 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి మీటరును సున్నా చేశాక, అదే సీసాలో పొడి ప్యాకెట్ పూర్తిగా ఖాళీ చేయాలి. ప్యాకెట్ మూలల్లో పొడి మిగిలితే అంకె తగ్గుతుంది. రెండు నిమిషాలు కదిపాక గాజు లోపలి గోడకు చిన్న బుడగలు అంటుకుని ఉంటే అంకె పెరుగుతుంది. సీసా అడుగున గోటితో మెల్లగా తడితే అవి పైకి తేలిపోతాయి. బయట వేలిముద్ర పడితే మెత్తటి గుడ్డతో తుడవాలి. గిన్నెలు తోమే సబ్బుతో ఆ సీసాలను ఎప్పుడూ కడగకూడదు. డిటర్జెంట్లలో ఫాస్ఫేట్ ఉండొచ్చు. శుద్ధమైన నీటితో నాలుగుసార్లు తొలిస్తే చాలు. టబ్బు నీళ్లు మీటరు కొలవగల హద్దును దాటితే, 1 మిల్లీలీటరు టబ్బు నీటికి 9 మిల్లీలీటర్ల శుద్ధ నీరు కలిపి కొలిచి, వచ్చిన అంకెను 10తో గుణించాలి.

శుద్ధమైన నీరంటే ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ కూడా దాటి, టీడీఎస్ మీటరులో 0 చూపే నీరు. వంటింటి ఆర్‌ఓ యంత్రం నీళ్లు ఇందుకు పనికిరావు. వాటిలో చాలావాటికి రుచి కోసం కొంత ముడినీటిని కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది, మీటరు పెడితే 50 నుంచి 100 దాకా చూపిస్తుంది. ఆ మిగులులో ఫాస్ఫేట్ ఉందో లేదో తెలియకుండా రాయిని నానబెడితే, తోడుతూనే పోసినట్టవుతుంది. కంట్రోలర్ మూసేసి, చివర ఓ డీఐ గొట్టం తగిలిస్తే ఆ యంత్రమే పనికొస్తుంది.

రాయిని వేరు చేయడం, ఒక ప్రాణాపాయం

చేతికొచ్చిన రాయి రెండు రకాలుగా ఉంటుంది. నిన్నటిదాకా నడుస్తున్న ట్యాంకులోంచి తడిగా వచ్చింది ఒకటి. అటక మీద ఏళ్లుగా ఎండిపోయింది ఇంకోటి. తడి రాయిలో బ్యాక్టీరియా బతికే ఉంటుంది. దాని మీద అయిప్టేషియా (త్వరగా వ్యాపించే చిన్న సీ అనిమోన్) లాంటి పీడ లేకపోతే, వచ్చిన ట్యాంకులో ఫాస్ఫేట్ 0.2 లోపే ఉండి ఉంటే, బ్లీచూ యాసిడూ జోలికి పోకుండా ఉప్పునీటిలో చీకట్లో నానబెట్టడమే మేలు. బతికున్న రాయిని చంపడం తేలికే గానీ, అందులో మళ్లీ ప్రాణం నిలబడటానికి నెలలు పడుతుంది. ఎండిన రాయిలో కాపాడుకోవడానికేమీ లేదు. అక్కడ గట్టి మందులే నయం.

ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడని పని రాయిని ఉడకబెట్టడం. ఈ రంగంలో రాయిని చీకట్లో నానబెట్టడాన్ని ‘కుకింగ్’ అంటారు. ఆ మాట విని పొయ్యి మీద పెట్టినవాళ్లున్నారు. రాయి మీద జోయాంథిడ్లు అనే గుండీల్లాంటి మెత్తటి పగడపు జాతి జీవులు, ముఖ్యంగా పాలిథోవా రకం, కొద్దిగా మిగిలున్నా సరే, వాటిలోని పాలీటాక్సిన్ అనే విషం ఆవిరితో గాలిలో కలుస్తుంది. జ్వరం, దగ్గు, ఊపిరందకపోవడం మొదలై ఆసుపత్రి పాలైన కుటుంబాలున్నాయి. అలాస్కాలో 2012, 2014 మధ్య ఈ విషాన్ని పీల్చి జబ్బుపడ్డారని అనుమానించిన వాళ్ల సంగతిని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ నమోదు చేసింది. వేడినీళ్లు, ప్రెషర్ వాషర్, పొడిగా ఉన్నప్పుడు బ్రష్షుతో గీకడం, ఇవన్నీ అదే ప్రమాదం. జోయాంథిడ్లున్న రాయిని ముందు తాజా బ్లీచు ద్రావణంలో, 1 వంతు బ్లీచుకు 10 వంతుల నీటి లెక్కన, కనీసం అరగంట ముంచాకే చేయి వేయాలి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

బ్లీచు చేసేది, చేయనిది

బ్లీచు కుళ్లును కరిగించి కాలుస్తుంది. ఫాస్ఫేట్‌ను తీయదు. పైగా కుళ్లులో బంధించి ఉన్న ఫాస్ఫేట్‌ను నీటిలోకి విడుదల చేస్తుంది. అందుకే బ్లీచు నీళ్లను రోజుల తరబడి ఉంచకుండా పారబోయాలి. సువాసన కలపని మామూలు సోడియం హైపోక్లోరైట్ బ్లీచు 1 వంతు, నీరు 10 వంతులు, ఒక రోజు. వాసన పోయి నీళ్లు గోధుమరంగుకు తిరిగితే పారబోసి మళ్లీ కొత్తగా కలపాలి. బాగా కుళ్లున్న రాయికి మూడు విడతలు పట్టొచ్చు. మన ఎండలకు సీసాలో ఉన్న బ్లీచు కూడా బలం పోగొట్టుకుంటుంది కాబట్టి తయారైన తేదీ చూసి కొనాలి. ఊళ్లలో తేలిగ్గా దొరికే బ్లీచింగ్ పౌడర్ వాడితే సున్నపు మడ్డి రంధ్రాల్లో పేరుకుంటుంది.

తర్వాత మంచినీళ్లలో రెండుసార్లు కడిగి, క్లోరిన్‌ను విరిచేసే సోడియం థయోసల్ఫేట్ కలిపిన నీటిలో ఒక రోజు ఉంచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. ఈత కొలనుకు వాడే క్లోరిన్ కిట్టుతో చూస్తే సున్నా రావాలి. ఈ సున్నా రాకుండా యాసిడ్ దశకు వెళ్తే ప్రాణాల మీదకొస్తుంది. బ్లీచు, యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మరుగుదొడ్డి శుభ్రం చేసే ద్రవాలు చాలావరకు యాసిడ్‌తో చేసినవే కాబట్టి, వాటి దగ్గర కూడా బ్లీచు బకెట్టు ఉంచకూడదు.

యాసిడ్ లెక్క

ఎండిన, బాగా పాతబడిన రాయి మీద గట్టిపడిన పైపొరను తీసేయడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కు మించింది లేదు. సాధారణంగా ‘పది వంతుల నీటికి ఒక వంతు యాసిడ్’ అని చెబుతుంటారు. ఆ నిష్పత్తి వల్ల రాయి ఎంత పోతుందో తెలియదు. ఎంత రాయి పోగొట్టుకోదలిచామో ముందు తేల్చుకుని దాన్నిబట్టి యాసిడ్ కొలవడం సరైన పద్ధతి. 30 శాతం యాసిడ్ 1 లీటరు సుమారు 470 గ్రాముల రాయిని తినేస్తుంది. 20 కిలోల రాయిలో 5 శాతం, అంటే 1 కిలో పైపొర పోవాలంటే 2 లీటర్ల పైచిలుకు చాలు. అదే రాయిని 60 లీటర్ల నీటికి 6 లీటర్ల లెక్కన ముంచితే 2.8 కిలోలు కరిగిపోతుంది. సన్నని కొమ్మలు, అందమైన అంచులు ముందు పోతాయి.

హార్డ్‌వేర్ షాపులో దొరికే బాత్రూం యాసిడ్ ఎంత శాతమో సీసా మీద ఉండదు. పసుపుపచ్చగా ఉంటే అందులో ఇనుము ఉన్నట్టు. రంగులేనిది, శాతం రాసి ఉన్నది లాబ్ సరుకులు అమ్మే దుకాణంలో తీసుకోవడం మంచిది. తప్పనిసరైతే బలం కొలుచుకోవచ్చు. ఎండిన రాయి ముక్కను, 200 గ్రాములకు తగ్గకుండా, వంటింటి డిజిటల్ తూకంలో తూచి, లీటరు నీటిలో 100 మిల్లీలీటర్ల యాసిడ్ పోసి అందులో వేయాలి. పొంగు పూర్తిగా ఆగాక కడిగి, ఎండబెట్టి మళ్లీ తూచాలి. 47 గ్రాములు తగ్గితే అది 30 శాతం యాసిడ్. 24 గ్రాములే తగ్గితే సగం బలమే.

పని ఆరుబయటే చేయాలి. 1 కిలో రాయి కరిగితే సుమారు 250 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది గాలికంటే బరువు కాబట్టి బాత్రూం లాంటి మూసిన గదిలో నేలబారున నిలిచిపోతుంది. ప్లాస్టిక్ టబ్బును సగానికి మించి నింపకూడదు, నురగ పైదాకా పొంగుతుంది. నీళ్లు, రాయి ముందు. యాసిడ్ తర్వాత, కొద్దికొద్దిగా. యాసిడ్‌లోకి నీళ్లు పోయడం ఎప్పుడూ తప్పే. పక్కన వంటసోడా డబ్బా, నీళ్ల పైపు సిద్ధంగా ఉండాలి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. పొంగు పూర్తిగా ఆగేదాకా రాయిని అందులోనే వదిలేస్తారు. యాసిడ్ బలం ఉన్నంతసేపు కరిగిన ఫాస్ఫేట్ నీటిలోనే ఉంటుంది. యాసిడ్ అయిపోయి నీటి పీహెచ్ పెరిగేకొద్దీ అదే ఫాస్ఫేట్ అప్పుడే బయటపడిన కొత్త ఉపరితలం మీదకు తిరిగి చేరుతుంది. కాబట్టి సన్నని బుడగలు ఇంకా వస్తుండగానే రాయిని బయటికి తీసి, ధారగా నీళ్లు పోసి కడగాలి. 2 లీటర్ల యాసిడ్ ఒకే స్నానంలో పోసే బదులు, లీటరు చొప్పున రెండు కొత్త స్నానాలు చేయిస్తే ఫలితం ఎంతో మెరుగు. మిగిలిన యాసిడ్ నీటిలో పాలరాయి ముక్కలు గానీ వంటసోడా గానీ వేసి, పొంగు ఆగాక ఎక్కువ నీటితో కలిపి మోరీలోకి వదలాలి. వాడని యాసిడ్ లీటరును చల్లార్చడానికి దాదాపు 800 గ్రాముల సోడా పడుతుంది. స్నానం అయ్యాక పదో వంతు మిగిలిందనుకుంటే 80 గ్రాములతో పని జరుగుతుంది.

సిమెంటుతో చేసిన కృత్రిమ రాయికి ఈ స్నానం వద్దు, సిమెంటు విడిపోతుంది. సిరామిక్ రాయి యాసిడ్‌కు కరగదు కాబట్టి ప్రయోజనమూ లేదు.

లాంథనంతో తోడకం

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. రాయిని ఉప్పునీటిలో నానబెట్టి, నీటిలోకి ఊరిన ఫాస్ఫేట్‌ను ఎప్పటికప్పుడు తీసేస్తుంటే రాయి ఇంకా వదులుతూనే ఉంటుంది. ఉప్పునీటిలో ఉండే బైకార్బొనేట్ రాయి ఉపరితలం మీద చోటు కోసం ఫాస్ఫేట్‌తో పోటీ పడుతుంది కాబట్టి ఉప్పునీరే మేలు. నీళ్లు మార్చకుండా నెల రోజులు ఉంచితే మాత్రం, మొదటి కొన్ని రోజుల్లోనే మట్టం సమానమై ఊట ఆగిపోతుంది. మిగతా రోజులన్నీ వృథా. నీళ్లు మార్చడానికి ఉప్పు ఖర్చు ఎక్కువ, కనుక లాంథనం క్లోరైడ్ వాడతారు. లాంథనం ఫాస్ఫేట్‌ను పట్టుకుని, మళ్లీ కరగని తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడిని వడకట్టేస్తే ఫాస్ఫేట్ శాశ్వతంగా పోయినట్టే.

100 లీటర్ల టబ్బు, 20 కిలోల రాయి అనుకుందాం. రాళ్ల కింద పీవీసీ పైపు ముక్కలు పెట్టి అడుగున కూడా నీరు ఆడేలా పేర్చాలి. గంటకు 2000 లీటర్లు తిప్పే పవర్‌హెడ్ (నీళ్లలో మునిగి నీటిని కదిలించే చిన్న పంపు) ఒకటి, పంపు నుంచి నీరు వచ్చి పడేచోట 5 లేదా 10 మైక్రాన్ల ఫిల్టర్ సాక్ (వడపోత సంచి) ఒకటి ఉండాలి. మామూలు 200 మైక్రాన్ల సాక్‌లోంచి ఈ పొడి నీళ్లలా జారిపోతుంది. ఉప్పు 35 పీపీటీ (వెయ్యి వంతుల నీటిలో 35 వంతులు), వేడి 25 డిగ్రీల పైన. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు హీటరే అక్కర్లేదు. వెలుతురు తగలకుండా నల్ల పాలిథిన్ కప్పాలి, లేకపోతే ఊరిన ఫాస్ఫేట్ నాచుగా మారి రాయి మీదే తిష్ఠ వేస్తుంది.

3 రోజుల తర్వాత పరీక్షలో 1 పీపీఎం వచ్చిందంటే, టబ్బు నీటిలో 100 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్ ఉన్నట్టు. 1 గ్రాము ఫాస్ఫేట్‌కు దాదాపు 3.9 గ్రాముల లాంథనం క్లోరైడ్ హెప్టాహైడ్రేట్ కావాలి, కాబట్టి ఇక్కడ 0.4 గ్రాములు సరిపోతుంది. 10 గ్రాముల పొడిని లీటరు డీఐ నీటిలో కలిపి 1 శాతం ద్రావణం చేసుకుంటే అందులోంచి 40 మిల్లీలీటర్లు. ఈత కొలనుల కోసం అమ్మే ద్రవాల్లో లాంథనం ఎంతుందో చాలావాటి మీద రాయరు. పొడి కొని కలుపుకుంటేనే లెక్క చేతిలో ఉంటుంది.

40 మిల్లీలీటర్లను ఒక్కసారిగా పోయకూడదు. ఒకేచోట గాఢంగా పడితే ఫాస్ఫేట్ కంటే ముందు కార్బొనేట్‌తో కలిసి లాంథనం కార్బొనేట్‌గా వృథా అవుతుంది, నీటి కేహెచ్ (బైకార్బొనేట్, కార్బొనేట్ నిల్వను చెప్పే కొలత) పడిపోతుంది. చుక్కచుక్కగా వేయడానికి మందుల షాపులో దొరికే సెలైన్ సెట్టును మించిన సాధనం లేదు. సాధారణ సెట్టులో 20 చుక్కలు 1 మిల్లీలీటరు. 40 మిల్లీలీటర్లంటే 800 చుక్కలు. చక్రం తిప్పి నిమిషానికి 10 చుక్కలకు సరిచేస్తే 80 నిమిషాల్లో అయిపోతుంది. చుక్క నేరుగా సాక్ లోపల, నీటి ధార మీద పడేలా సెట్టును కట్టాలి. పుట్టిన పొడి అక్కడికక్కడే సాక్‌లో చిక్కుకుంటుంది.

సాక్ లోపలి గోడకు కొద్దిసేపట్లోనే పెరుగు మీగడలాంటి తెల్లటి పూత పడుతుంది. ఆ పూత దట్టమైతే నీరు దిగక సాక్ అంచు మీదుగా పొర్లి, పొడంతా రాయి మీదకు పోతుంది. నీటి మట్టం సాక్ మూడొంతులకు చేరగానే తీసి, తిరగేసి కడిగి, ఇంకో సాక్ వేయాలి. రెండు సాక్‌లు లేకుండా ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది. నీళ్లు తేటపడటానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. మసక నీటిని కలరీమీటరులో పెడితే మసకనే ఫాస్ఫేట్‌గా చూపిస్తుంది కాబట్టి అది తేరేదాకా పరీక్ష చేయకూడదు. కేహెచ్ 7 డీకేహెచ్ కంటే తగ్గితే, 100 లీటర్లకు 3 గ్రాముల వంటసోడా కలిపితే 1 డీకేహెచ్ పెరుగుతుంది.

ఇక పుస్తకం పెట్టి లెక్క రాయాలి. తేదీ, మందు వేసే ముందు అంకె, వేశాక అంకె, తీసిన మిల్లీగ్రాములు. మొదటి వారం 3 రోజులకోసారి 1 పీపీఎందాకా ఊరిన టబ్బు, తర్వాత 0.8, 0.6, 0.35 అంటూ దిగుతూ రావాలి. తీసిన మొత్తం కలుపుకుంటూ పోతే రాయిలో ఎంత బాకీ ఉందో తెలుస్తుంది. అంకె దిగకుండా రెండు మూడు విడతలు అక్కడక్కడే తిరిగితే, రంధ్రాల్లో ఇంకా కుళ్లు మిగిలిందనో, పోసే నీళ్లలోనే ఫాస్ఫేట్ ఉందనో అనుమానించాలి. ముందు కలిపిన ఉప్పునీటిని విడిగా పరీక్షిస్తే ఆ రెంటిలో ఏదో తేలిపోతుంది. వారానికోసారి టబ్బు అడుగున చేరిన మడ్డిని సైఫన్ గొట్టంతో లాగేయాలి. రాయి సందుల్లోకి పవర్‌హెడ్‌ను చేత్తో పట్టుకుని ఊదితే బయటపడే గోధుమరంగు మడ్డి ఒక్కోసారి నివ్వెరపరుస్తుంది. అంత మడ్డి లోపల ఉండగా ఎంత మందు పోసినా ఫలితముండదు.

ఈ దశకు ఎండిన రాయికైతే నాలుగు నుంచి ఆరు వారాలు, బాగా మేత తిన్న పాత రాయికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. తొందరపడి ముగిస్తే మిగిలిన ఊటంతా ట్యాంకులో చేపల మధ్య, పగడాల మధ్య జరుగుతుంది. లాంథనం పొడి చేపల మొప్పల్లో చిక్కుకుని ఇబ్బంది పెడుతుంది. చేపల్లేని టబ్బులోనే ఈ పని పూర్తి కావాలని గట్టిగా చెప్పడానికి కారణం అదే.

ఎప్పుడు ఆపాలి?

టబ్బును ఖాళీ చేసి, ఫాస్ఫేట్ లేని కొత్త ఉప్పునీళ్లు పోసి, మందు గానీ ఫాస్ఫేట్‌ను పట్టే ఫిల్టర్ మీడియా గానీ లేకుండా ఏడు రోజులు తిప్పాలి. ఏడో రోజున 100 లీటర్లలో 0.1 పీపీఎం లోపుంటే ఊరింది 10 మిల్లీగ్రాములే. అదే రాయి 200 లీటర్ల ట్యాంకులోకి వెళ్తే ఆ ఊట 0.05 పీపీఎం స్థాయిలోనే ఉంటుంది, స్కిమ్మరూ నీటి మార్పులూ దాన్ని మోయగలవు. 0.3 దాకా ఎక్కితే ఇంకో రెండు విడతల లాంథనం పడాలి.

పూర్తి సున్నా కోసం వెంటపడటం కూడా తప్పే. పగడాలకు, వాటిలో ఉండే శైవలాలకు కొంత ఫాస్ఫేట్ అవసరం. నీటిలో అది మరీ అడుగంటితే డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు గోధుమరంగు జిగురు తీగలుగా పెరిగి రాళ్లను కప్పేయొచ్చు. నాచు కంటే వాటిని వదిలించుకోవడం కష్టం. 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య నిలకడగా ఉంటే చాలు.

రాయి ఇప్పటికే ట్యాంకులో ఉండి, చుట్టూ పగడాలు పెరుగుతుంటే దారి వేరు. అక్కడ రేణువుల రూపంలో ఉండే ఫెర్రిక్ ఆక్సైడ్‌ను, అంటే జీఎఫ్ఓను, రియాక్టరులో (మీడియా గుండా నీటిని పంపే గొట్టంలో) వాడాలి. డబ్బా మీద చెప్పిన మోతాదులో సగంతో మొదలుపెట్టి, వారానికోసారి మార్చాలి. 0.5 ఉన్న ఫాస్ఫేట్‌ను రెండ్రోజుల్లో 0.05కు దించితే గట్టి పగడాల తోలు మొదళ్ల నుంచి ఊడిపోవచ్చు. రాయిలో ఊట ఉన్నంతకాలం మీడియా త్వరగా నిండిపోతుంది, దాన్ని మీడియా లోపమనుకోకూడదు. మీడియాను కడిగి వేయకపోతే ఎర్రటి తుప్పు పొడి ట్యాంకంతా పరుచుకుంటుంది.

రాయి దొరికే చోటు గురించి కూడా చెప్పుకోవాలి. మన దేశంలో గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ తీరాల్లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన పగడపు ముక్కను తెచ్చుకోవడం కూడా నేరమే. విశాఖ తీరంలో కనిపించే ఖొండలైట్ రాయి సున్నపు రాయి కానే కాదు, ఈ పనికి పనికిరాదు. కాబట్టి హైదరాబాద్‌లో గానీ విశాఖలో గానీ కొత్తగా ట్యాంకు పెట్టేవాళ్లు పాత రాయి తీసుకునేటప్పుడు అది ఎక్కణ్నుంచి వచ్చిందో అడిగి తెలుసుకోవాలి. సమాధానం సరిగా రాకపోతే సిరామిక్ రాయో, అరగొనైట్‌తో (కాల్షియం కార్బొనేట్‌లో ఒక రకం) తయారుచేసిన రాయో కొనడం ఉత్తమం. వాటిని కూడా వేరే ట్యాంకులో ఏళ్లు వాడి ఉంటే, ట్యాంకులో పెట్టేముందు ఈ ఏడు రోజుల ఊట పరీక్ష ఒక్కటైనా చేయాలి.

ట్యాంకులో పేర్చాక మొదటి నెలంతా నాలుగు రోజులకోసారి, ఒకే వేళకు, మేత వేయకముందు పరీక్ష చేసి రాసుకోవాలి. మేత పెంచకుండానే అంకె వరుసగా మూడుసార్లు పెరిగితే అది రాయి ఊటే. అప్పుడు పగడాలు ఇంకా వేయలేదు కాబట్టి, అనుమానమున్న రాళ్లను తిరిగి టబ్బులోకి తీసేయడానికి అదే ఆఖరి తేలిక సమయం.